నీళ్లకన్నా ముందొచ్చే గాలి

ఆ నల్లా పీకి, కంతకు డమ్మీ బిరడా కొట్టింది జిప్పోరానే. ఇంకెవరన్నా కొట్టి ఉంటే ఈ గొడవతో ఆమెకు పనే లేదు. మీటరు బిగించి, ఫోటో తీసి, ఓనరుతో సంతకం పెట్టించుకుని, బ్యాగు భుజాన వేసుకుని పోయేది.

ఆ రోజు సోమవారం. అబిడ్స్ పెద్ద రోడ్డు మీంచి ఒక సందులోకి తిరిగితే మూడంతస్తుల పాత కాంప్లెక్సు. కింద చెప్పుల దుకాణాలు, రాజమల్లు టిఫిన్ సెంటరు. పైన టైలర్లు, కంప్యూటర్ క్లాసులు. ఆ పైన చిన్న లాడ్జి. ఇంతమందికీ నల్లా కనెక్షన్ ఒకటే. రోడ్డు కింద నుంచి వచ్చే పైపు వెనకవైపు మెట్ల దగ్గర పైకి తేలి, మీటరులోంచి పోయి, నేలలో ఉన్న సంపులో పడుతుంది. వ్యాపారాల కనెక్షన్లకు స్మార్ట్ మీటర్లు పెట్టే పని జిప్పోరా పనిచేసే కంపెనీకి దొరికింది. ఆ వీధి జిప్పోరా వంతుకు వచ్చింది.

పాత మీటరు విప్పబోతూ చూసిందామె. మీటరుకు జానెడు ముందు, పైపుకు ఒక ఇత్తడి నల్లా. దాని మెడకు చీర పేలిక చుట్టి ఉంది. మీటరుకు ముందు నల్లా ఉందంటే ఏమనుకోవాలి? లెక్కలోకి రాకుండా నీళ్లు పట్టుకుంటున్నారనే కదా. ఆర్నెల్లలో ఇలాంటివి ముప్పై దాకా పీకేసింది. ప్రతిచోటా ఎవరో ఒకరు అడ్డంపడి బతిమాలడం మామూలే.

ఇక్కడా ఒక మనిషి వచ్చింది. మెట్లు ఊడుస్తున్నదల్లా చీపురు గోడకు ఆనించి వచ్చింది. పేరు వీరమ్మ, యాభై దాటి ఉంటాయి. కాంప్లెక్సు ఊడ్చేది, కడిగేది, నీళ్లొచ్చే రోజు తెల్లారుతూనే వాల్వు తిప్పేది ఆమే. మెట్ల కింద అరలాంటి గదిలో ఉండేదీ ఆమే.

"బిడ్డా, గా నల్లా ఉండనియ్యి," అంది. "నీళ్లొచ్చే పొద్దు ముందుగాల గది తిప్పాలె."

ఎందుకమ్మా అని ఒక్కమాట అడిగితే సరిపోయేది. జిప్పోరా అడగలేదు. ముప్పై చోట్ల విన్న పాటే ఇదీ అనుకుంది. "రూల్ లేదమ్మా," అని నవ్వి, నల్లా ఊడదీసి, డమ్మీకి తెల్ల టేపు చుట్టి ఆ కంతలో బిగించి, పానాతో ఆఖరి అరచుట్టు తిప్పింది. పనిలో ఆమెకు వంక పెట్టేవాళ్లు లేరు. ఆమె బిగించిన చోట చుక్క కారదు. ఊడిన ఇత్తడి నల్లాను వీరమ్మ చేతిలో పెడితే, వీరమ్మ దాన్ని కొంగుతో తుడుచుకుని గదిలోకి పట్టుకుపోయింది.

ఓనరు శశికిరణ్‌కు మాత్రం సంబరం సంబరంగా ఉంది. నలభై ఏళ్ల మనిషి, తండ్రి పోయాక కాంప్లెక్సు ఆయన చేతికొచ్చింది. ఏ నిమిషాన ఎన్ని లీటర్లు వస్తున్నాయో ఫోనులో కనపడుతుందనీ, సంపులో మట్టం చూపే డబ్బా కూడా పెట్టారు కనుక వచ్చిందెంత, నిండిందెంత అన్నది ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చనీ జిప్పోరా చెబుతుంటే, కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా ఫోనును అటూ ఇటూ తిప్పుకుంటూ విన్నాడు.

గురువారం మధ్యాహ్నానికి ఆయన దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఆ ఏరియాకు నీళ్లు రోజు విడిచి రోజు, పొద్దున ఆరింటికి. మంగళవారం వచ్చాయి, గురువారం వచ్చాయి. రెండు రోజులూ ఒకటే తంతు. ఆరు కొట్టగానే మీటరు గిర్రున తిరిగింది. పది పన్నెండు నిమిషాల పాటు సంపులో మట్టం మాత్రం వెంట్రుకంత కూడా లేవలేదు. ఆ తరవాతే రెండూ సమంగా పెరిగాయి. ఆ పన్నెండు నిమిషాల్లో మీటరులోంచి పోయిన ఎనిమిది వందల లీటర్లు ఎక్కడికి పోయినట్టు?

శుక్రవారం జిప్పోరా వచ్చి చూసింది. మీటరు నుంచి సంపు దాకా పైపును అరచేత్తో తడుముకుంటూ పోయింది. కీళ్ల దగ్గర కాగితం ముక్క అద్దింది, ఎక్కడా తడి గానీ, నిన్నటి నీళ్లు కారిన మరక గానీ లేదు. మీటరు విప్పి బకెట్టు నీళ్లు పోసి పరీక్షించింది, సరిగ్గానే చూపించింది. మెట్ల మీద కూర్చుని రిపోర్టు తెరిచింది. కంపెనీవాళ్లు ఫోనులో ఇచ్చిన ఫారంలో కారణం దగ్గర మూడే గళ్లుంటాయి. లీకు, మీటరు లోపం, అనుమతి లేని వాడకం. మొదటి రెండూ కావని తేలింది కనుక మూడో దాని మీద వేలు పెట్టింది. ఆ గడి నొక్కడానికి ఎంతసేపు పట్టింది? కన్నుమూసి తెరిచినంత సేపు.

శనివారం పదిగంటలకు శశికిరణ్ ఆమెను పిలిపించాడు. వచ్చేసరికి మెట్ల దగ్గర జనం. టైలర్లు, లాడ్జి మేనేజరు, చెప్పుల దుకాణాలవాళ్లు, చేతికి పిండితో రాజమల్లు. వీరమ్మ పైనుంచి కిందికి మెట్లు కడుగుతూ ఇంకో మూడు మెట్లు మిగిలుండగా ఆమెను ఆపేశారు. చేతిలో తడిబట్ట అట్లాగే ఉంది. ఆమె గదిలోంచి సామాను బయటికి తెచ్చి పరిచారు. ఒక రేకు పెట్టె, రెండు బిందెలు, ఒక రబ్బరు పైపు.

ఈ పైపు దేనికని శశికిరణ్ అడిగాడు. మెట్లు కడగడానికని ఆమె చెప్పింది. పక్క సందులో లాండ్రీవాళ్లకు నీళ్లు వదులుతున్నావా, లేకపోతే టీ బండ్లవాళ్లకు పోస్తున్నావా అని అడిగాడు. ఎవరికీ లేదంది. మరి ఆరింటికి ఆ పైపు దగ్గర నువ్వు తప్ప ఎవరుంటారని అడిగాడు. ఎవరుండరంది. అంతట్లో లాడ్జి మేనేజరు పెట్టె మూత ఎత్తి ఇత్తడి నల్లా బయటికి తీశాడు. "సార్, నల్లా సుత దాసుకున్నది," అన్నాడు, పాము పట్టుకున్నట్టు పైకెత్తి.

అది నేనే ఇచ్చానని చెప్పడానికి జిప్పోరా నోరు తెరిచింది. తెరిచేలోగా శశికిరణ్ ఆమె వైపు తిరిగాడు.

"మేడమ్, మీరు చెప్పుండ్రి. మీ మిషన్ అబద్ధం చెప్తదా?"

అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆ మీటరు బిగించిన చెయ్యి తనది, పరీక్షించిందీ తనే.

"చెప్పదు సార్," అంది.

వీరమ్మ తలెత్తి ఆమెను చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, ఏడవలేదు. వంగి, ఆ మిగిలిన మూడు మెట్లూ తుడిచింది. ఒక్కో మెట్టు మూలమూలకూ బట్ట పోనిచ్చి మరీ తుడిచింది. అందరూ అడుగు వెనక్కి వేసి చోటిచ్చారు. బట్ట పిండి, దులిపి, కమ్మీ మీద ఆరేసింది. నడుముకున్న గుత్తిలోంచి వాల్వు పెట్టె తాళంచెవి తీసి శశికిరణ్ చేతిలో పెట్టింది. రేకు పెట్టె చంకన పెట్టుకుని వీధిలోకి నడిచింది. ఇత్తడి నల్లా అక్కడే నేల మీద ఉండిపోయింది. ఎవరూ చూడకుండా జిప్పోరా దాన్ని తీసి బ్యాగులో వేసుకుంది. ఎందుకు వేసుకుందో ఆమెకే తెలియదు.

ఆదివారం సికింద్రాబాదులో చర్చికి పోయింది. ఆరాధన మధ్యలో సాక్ష్యం చెప్పేవాళ్లు ముందుకు రావచ్చని అయ్యగారు పిలుస్తారు. దేవుడు తమకు చేసిన మేలు నలుగురిలో చెప్పుకోవడం అక్కడి అలవాటు. ఒకామె లేచి కొడుకు జ్వరం తగ్గిన సంగతి చెప్పింది. జిప్పోరాకు అదేమీ చెవికెక్కలేదు. నిన్న మెట్ల దగ్గర తను పలికిన రెండే రెండు మాటలు వినపడుతున్నాయి. ఎనిమిది వందల లీటర్లంటే నలభై బిందెలు. ఒంటి మనిషి, ఈ వయసులో, పన్నెండు నిమిషాల్లో నలభై బిందెలు ఎట్లా మోస్తుంది? రబ్బరు పైపుతో వదిలితే నేల తడవదా? శుక్రవారమే ఈ లెక్క వేసుకోవాల్సింది. ఫారంలో దానికి గడి లేదు, ఆమె వేసుకోలేదు.

సోమవారం ఐదున్నరకే అబిడ్స్‌లో బస్సు దిగింది. కాంప్లెక్సులో అప్పటికి లేచిన మనిషి రాజమల్లు ఒక్కడే. వీరమ్మ చోట కొత్త మనిషి ఇంకా కుదరలేదట, తాళంచెవి ఆయన చేతికొచ్చింది. వాల్వు తిప్పి, చట్నీ మాడుతుందని పరుగు తీశాడు. జిప్పోరా సంపు మూత పక్కకు జరిపి, మోకాళ్ల మీద కూర్చుని లోపలికి వంగింది.

ఆరు దాటింది. పైపులో ముందు సన్నగా హుమ్మని మోత. మీటరు మీద అంకెలు కదిలాయి. మెల్లగా మొదలై, చూస్తుండగానే పరుగందుకున్నాయి. సంపులోకి దిగిన పైపు మూతి నుంచి మాత్రం చుక్క లేదు. వంగిన ఆమె మొహానికి చల్లగా, తుప్పు వాసనతో గాలి కొట్టింది. జుట్టు ఎగిరింది. అరచెయ్యి అడ్డం పెడితే చేతిని తోసేస్తోంది. రెండు రోజులు ఎండిన పైపు నిండా గాలే ఉంది. వెనక నీళ్లు తరుముకొస్తుంటే ఆ గాలికి వేరే దారి లేక, మీటరులో రెక్కను తిప్పుకుంటూ బయటికి పోతోంది. పాపం మీటరుకేం తెలుసు? తిప్పింది నీళ్లయినా గాలైనా దానికి ఒకటే. పన్నెండు నిమిషాలు తిరిగాక పైపు దగ్గింది, ఎర్రగా ఉమ్మింది, అప్పుడు వచ్చాయి నీళ్లు.

వెనక నుంచి రాజమల్లు టీ గ్లాసు అందిస్తూ, "వీరమ్మ ఉన్నప్పుడు గీ లొల్లి లేకుండె," అన్నాడు. "ముందుగాల ఇత్తడి నల్లా తిప్పి గాలంత ఇడిసేది. ఎర్ర నీళ్లు పోయినంక నల్లా కట్టేసి సంపుల ఇడిసేది. శనివారం నాకది తట్టలే. గీడ పడ్డ గా నల్లా ఏడ వాయె?"

జిప్పోరా సంపు మూత మళ్లీ జరిపి మూసింది. ఆ నల్లా తన బ్యాగులో, తొడకు తగులుతూ ఉంది. ముందుగాల గది తిప్పాలె అని ఆ మనిషి చెప్పనే చెప్పింది. తనే చెవిన వేసుకోలేదు.

హిమాయత్‌నగర్‌లో ఆఫీసు. సూపర్‌వైజరు సామ్ సుందర్ చెడ్డవాడేమీ కాదు, అన్నా అంటే పలుకుతాడు. మొత్తం విని తల గోక్కున్నాడు. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే చోట మీటరుకు ముందు గాలి వాల్వు పెట్టాలని ట్రైనింగులో చెప్పింది నిజమే. గాలిని వదిలేసి, నీళ్లు తగలగానే దానంతట అదే మూసుకుంటుంది. సరుకు రాలేదని కంపెనీవాళ్లు పెట్టకుండా లాగించేస్తున్నారు. స్టోరులో ఇప్పుడు నాలుగున్నాయి, ఒకటి తీసుకుపోయి డమ్మీ తీసిన చోట బిగించెయ్, మామూలు సర్వీసు అని రాస్తాను, ఎవరికీ ఏమీ చెప్పే పనిలేదు అన్నాడు. ఆ శశికిరణ్‌కు నాంపల్లిలో ఇంకో రెండు బిల్డింగులున్నాయనీ, అవి కూడా మనకే వస్తాయనీ, నీ ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం ఈ నెలలోనే పైకి పోతుందనీ కూడా గుర్తుచేశాడు. అదంతా ఆమె మేలు కోరే చెప్పాడు.

జిప్పోరా సరే అంది. వాల్వు బ్యాగులో వేసుకుని మెట్లు దిగింది. సగం మెట్లు దిగాక కాళ్లు ఆగిపోయాయి.

రేపు ఇది బిగిస్తే ఏమవుతుంది? ఎల్లుండి పొద్దున నీళ్లు వస్తాయి, గాలి లెక్కలోకి రాదు, ఆ ఎనిమిది వందల లీటర్లు మాయమవుతాయి. శశికిరణ్ ఫోను చూస్తాడు. చూసి కాంప్లెక్సు అందరికీ చూపిస్తాడు. చూసిన్రా, ఆమె పోయింది, నీళ్లు మిగిలినయి అంటాడు. అప్పుడిక ఎవరేం చెప్పినా ఎక్కదు. ఇప్పటిదాకా వీరమ్మ మీద ఉన్నది అనుమానమే. ఈ వాల్వు గుట్టుచప్పుడు కాకుండా బిగిస్తే అది రుజువవుతుంది. తప్పు దిద్దుతున్నాననుకుంటూ తను ఆ మనిషి నొసట దొంగ అని రాసేసినట్టే.

మంగళవారం రాజమల్లు చెప్పిన గుర్తులు పట్టుకుని నాంపల్లి పోయింది. స్టేషను ఎదురు సందులో వీరమ్మ చెల్లెలి కూతురు భాగ్య పూలమాలలు కడుతుంది. ఒక్క గది ఇల్లు, గడపలో వీరమ్మ కూర్చుని మల్లెలు దారానికి ఎక్కిస్తోంది. చీపురు పట్టిన వేళ్లకు ఆ పని కుదరడం లేదు, రెండు పూలకొకటి నలిగిపోతోంది. ఊరికి పోదామంటే ఏమని చెప్పుకోవాలి, ఇక్కడుందామంటే ఎంతకాలం ఒకరి మీద పడి తినాలి అని రెండు రోజులుగా తింటం లేదని భాగ్య చెప్పింది. కోపం భాగ్యకే ఎక్కువ ఉంది. కూర్చోమని కూడా అనలేదు.

జిప్పోరా గడప ముందు నేల మీదే కూర్చుంది. బ్యాగులోంచి ఇత్తడి నల్లా తీసి ఆమె ముందు పెట్టి, సోమవారం చూసిందంతా చెప్పింది.

వీరమ్మ పూలు కింద పెట్టింది. "చెప్పిన గద బిడ్డా," అంది.

"ఔనమ్మా, చెప్పినవ్. నేనే ఇనలే."

"మల్ల వాళ్లు అడిగినప్పుడన్న చెప్పరాదా అంటవేమో. ఎవలికి పోసినవని అడిగిన్రు గని, గిట్లెందుకు అయితుందని ఎవలన్న అడిగిన్రా? పంతొమ్మిదేండ్ల సంది గా పైపు నా చెయ్యి కింద ఉన్నది. చెయ్యి పెడితే చెప్త నేను, గాలొస్తుందా నీళ్లొస్తున్నయా అని."

జిప్పోరా కళ్లు తుడుచుకుంది. తప్పైందమ్మా, క్షమించు అంది. వీరమ్మ నల్లాను ఆమె వైపే తోసింది.

"గీడ నాకు చెప్పుడెందుకు? నాకెరుకే. ఏడ అన్నవో గాడ అను."

బుధవారం పొద్దున ఆరుకు పది నిమిషాలుందనగా శశికిరణ్ నిద్రమొహంతో, ట్రాక్ ప్యాంటులో వచ్చాడు. జిప్పోరా రాత్రే ఫోను చేసి, దొంగ దొరికింది రమ్మంది. దొంగంటే జనానికి ఎక్కడ లేని ఉత్సాహం. రాజమల్లు మిగతావాళ్లను పోగుచేశాడు. లాడ్జి మేనేజరు పళ్లు తోముకుంటూ వచ్చి నిలబడ్డాడు. వీరమ్మ రాలేదు. వచ్చింది కానీ, లోపలికి రాలేదు. సందు అవతల భాగ్య పక్కన నిలబడి ఉంది.

వాల్వు బ్యాగులోనే ఉంది, జిప్పోరా బిగించలేదు. చీరల దుకాణంవాళ్లిచ్చే పెద్ద పాలిథీన్ కవరు ఒకటి తెచ్చింది. సంపులోకి వంగి, పైపు మూతికి దాన్ని తొడిగి రబ్బరు బ్యాండ్లు వేసింది. శశికిరణ్‌ను ఫోను తెరవమంది.

హుమ్మని మోత వచ్చింది. వేలాడుతున్న కవరు వణికింది, ఉబ్బింది, దాని మీద చీర కట్టుకున్న బొమ్మ లావైపోయింది. శశికిరణ్ చేతిలో అంకెలు పరుగెడుతున్నాయి. పది, ఇరవై, నలభై. కవరు బూరలా నిండి ఫట్టున పేలింది. మేనేజరు నోట్లో బ్రష్షు అలాగే ఉండిపోయింది. జిప్పోరా ఇంకో కవరు తొడిగింది. అదీ నిండింది. ఈసారి పేలకముందే మూతి ముడిచి ఊడదీసి, గట్టిగా పట్టుకుని శశికిరణ్ మొహం ముందు పెట్టింది.

"సార్, ఇండ్ల చుక్క నీళ్లున్నయా?"

ఆయన కవరు వంక చూశాడు, ఫోను వంక చూశాడు. మొహం మాడిపోయింది. "అంటే మీ మిషన్ ఖరాబా?" అన్నాడు.

అక్కడ ఆగిపోవచ్చు. మిషను మీదికి తోసి చేతులు దులుపుకోవచ్చు. జిప్పోరా కవరు కింద పెట్టింది.

"మిషన్ కాదు సార్, తప్పు నాది. గాలి పోయే నల్లా ఈడ ఉండె. తియ్యొద్దని వీరమ్మ చెప్పింది. నేను ఎందుకని అడగకుండ మూసేసిన. ఆమె పెట్టెల దొరికిన నల్లా నేను ఇచ్చిందే. అది సుత చెప్పకుండ నోరు మూస్కున్న. మిషన్ అబద్ధం చెప్పదని శనివారం గీ మెట్ల కాడ నేనే అన్న. గీ నీళ్లు ఎవరూ తియ్యలే సార్. అసలు నీళ్లే లేవు."

రాత్రే జిప్పోరా రిపోర్టు మార్చి పంపింది కూడా. మూడు గళ్లలో ఏదీ నొక్కకుండా, కింద రిమార్కుల చోట ఇదే అంతా రాసింది. సామ్ సుందర్ తెల్లారకముందే రెండుసార్లు ఫోను చేశాడు. ఆమె ఎత్తలేదు. ఆ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

శశికిరణ్ గొంతు సవరించుకుని, సరే సరే, అయిందేదో అయింది, రేపట్నుంచి రమ్మని చెప్పుండ్రి అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. రాజమల్లు ఊరుకోలేదు. ఆమె బయటే ఉంది సార్, తాళంచెవి మీ చేతికే ఇచ్చింది, మీ చేత్తోనే ఇయ్యుండ్రి అని, తన నడుముకున్న తాళంచెవి తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. అందరూ చూస్తుండగా శశికిరణ్ సందు దాటి పోయాడు. చెయ్యి చాపాడు. నోటితో ఏమన్నాడో ఇవతలికి వినపడలేదు.

వీరమ్మ వెంటనే అందుకోలేదు. కాసేపు ఆ చేతిని అట్లాగే ఉంచింది. తర్వాత తాళంచెవి తీసుకుని గుత్తికి ఎక్కించుకుంది. లోపలికి వచ్చి, శనివారం తను కమ్మీ మీద ఆరేసిన బట్ట నాలుగు రోజులుగా అక్కడే కట్టెలా ఎండిపోయి ఉంటే తీసి, బకెట్టులో నానబెట్టింది.

శుక్రవారం మళ్లీ నీళ్ల పొద్దు. ఇక అబిడ్స్ పని నీకు లేదు, స్టోరులో కూర్చో అని కంపెనీవాళ్లు జిప్పోరాకు చెప్పేశారు. పర్మనెంటు కాగితం మాట ఎత్తే దిక్కులేదు. ఆ వీధిలో ఇదే ఆమె ఆఖరి పని. డమ్మీ తీసిన చోట గురువారం గాలి వాల్వు బిగించింది. అది పనిచేస్తుందో లేదో చూసి వెళ్లిపోవాలి. బిగించేముందు వీరమ్మను పిలిచి, అమ్మా, ఇది గీడ పెడ్తున్న, ఎట్లంటవ్ అని అడిగింది. వీరమ్మ దాన్ని నలువైపులా తిప్పి చూసి, జర పైకి పెట్టు, మెట్లు కడిగిన నీళ్లు పడ్తయి అంది. జిప్పోరా బెత్తెడు పైకి పెట్టింది.

ఆరైంది. వీరమ్మ వాల్వు తిప్పి వచ్చి, పైపు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. కొత్త వాల్వు లోంచి సుయ్యిమని గాలి పోవడం మొదలైంది. జిప్పోరా మీటరు మీది అంకెలనే చూస్తోంది. కదలడం లేదు. రెండు నిమిషాలు, ఐదు, పది. కదలడం లేదు. వీరమ్మ కళ్లు మూసుకుని ఉంది, పిల్ల జ్వరం చూస్తున్నట్టుగా.

పన్నెండో నిమిషంలో చెయ్యి తీసింది.

"ఇగో, నీళ్లొచ్చినయి. ఇగ రాస్కో బిడ్డా," అంది.

సుయ్యిమన్న చప్పుడు ఆగిపోయింది. అంకె కదిలింది.